గబ్బిలాన్ని రాయబారం పంపిన కవి: గుర్రం జాషువా జీవితం

సెప్టెంబరు 28 మహాకవి గుర్రం జాషువా గారి జయంతి. రాష్ట్రం బయట ఉన్న మా వంటి తెలుగు సంఘాల్లో ఆ రోజు పటానికి దండ వేస్తారు, పిల్లలు నాలుగు పద్యాలు చదువుతారు, పెద్దలు రెండు మాటలు చెబుతారు, కాఫీతో సభ ముగుస్తుంది. పద్యాలు సభలో గొంతెత్తి పాడితేనే అందం. అందుకని ఈ వ్యాసంలో పద్యాలు ఇవ్వడం లేదు. ఆయన ఎక్కడ పుట్టారు, ఎలా బతికారు, ఏమి చూసి ఏమి రాశారు అన్నది మాత్రం వరసగా చెబుతాము. సభలో మాట్లాడవలసిన వారికి, ఇంట్లో పిల్లలకు చెప్పవలసిన తల్లిదండ్రులకు ఉపయోగపడితే మాకు అదే చాలు.

జాషువా గారి గురించి మన పోర్టల్ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆయన రాసిన వాటిలో అన్నింటికన్నా పేరున్న కావ్యం 'గబ్బిలం'. ఆ కావ్యంలో కథానాయకుడు ఉండేది గుంటూరులోనూ కాదు, రాజమండ్రిలోనూ కాదు. తంజావూరు సీమలో. అంటే నేటి తమిళనాడులో. ఈ సంగతి మన వారిలో చాలామందికి తెలియదు. తెలిసిన వారు కూడా దాని అర్థం ఏమిటని ఆగి ఆలోచించడం తక్కువ.

పుట్టిన నేల

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. నేడది పల్నాడు జిల్లా. అప్పటికి గుంటూరు జిల్లా కూడా ఏర్పడలేదు, అది 1904లో వచ్చింది. వినుకొండ అంటే పేరులోనే కొండ. సీతమ్మను ఎత్తుకుపోయిన వార్త రాముడు ఈ కొండ మీద విన్నాడు కాబట్టి విను కొండ అయిందని జనం చెప్పుకుంటారు. కొండ మీద రామలింగేశ్వరుడి గుడి ఉంది. క్రీడాభిరామం కర్తగా పేరున్న వినుకొండ వల్లభరాయుడి ఇంటిపేరులో ఉన్నది ఈ ఊరే. కొంచెం పైకి వెళితే పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడి. కాబట్టి ఆ నేల మీద పెరిగిన పిల్లవాడికి రాళ్లు, గుట్టలు, వీరుల కథలు తోడు పుట్టినట్టే ఉంటాయి.

నీటికి మాత్రం కరువే. నాగార్జునసాగర్ కుడి కాలువ రాకముందు ఆ ప్రాంతమంతా వానను నమ్ముకున్న మెట్ట భూమి. జొన్న, సజ్జ పండితే తిండి, లేకపోతే పస్తు. జాషువా గారు పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, 1876-78లో, ధాత కరువు దక్షిణాది మొత్తాన్ని పీల్చి పిప్పి చేసింది. ఆ కరువులోనే ఒంగోలు బాప్టిస్టు మిషన్ దొర క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం పని తీసుకుని మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం తీసుకున్నారని మిషన్ చరిత్రలో నమోదై ఉంది. జాషువా గారి తల్లిదండ్రుల తరం ఆ కాలంలోనిది. ఒక కవి ఇంట్లోకి మతం ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ నేల మీద వాన ఎప్పుడు పడిందో, ఎప్పుడు పడలేదో కూడా తెలియాలి.

తండ్రి వీరయ్య గారు యాదవులు. తల్లి లింగమ్మ గారు మాదిగ ఇంటి ఆడపడుచు. ఇద్దరూ క్రైస్తవులు. ఆ రోజుల్లో ఇలాంటి పెళ్లి చేసుకున్న వారిని అటు వారూ ఇటు వారూ కూడా పక్కన పెట్టేవారు. ఆ ఇంట పుట్టిన బిడ్డకు బైబిలు పేరు వచ్చింది, తండ్రి ఇంటిపేరు వచ్చింది, తల్లి కులం వల్ల వచ్చే అంటరానితనమూ వచ్చింది. మూడూ ఒకే మనిషి మీద పడ్డాయి. జీవితమంతా ఆయన మోసిన బరువు ఇదే.

బడి, గురువులు, అవమానాలు

చిన్నతనంలో బొమ్మలు గీయడం, పాట పాడడం, పద్యం అల్లడం మీద ఆయనకు ఇష్టం. వినుకొండలో ఈడువాడైన దీపాల పిచ్చయ్యశాస్త్రి గారితో స్నేహం కుదిరింది. పిచ్చయ్యశాస్త్రి గారు తరువాత తాను కూడా పేరున్న కవి అయ్యారు. బ్రాహ్మణ బాలుడికీ ఈ బాలుడికీ స్నేహం కలిపింది పద్యమే. సంస్కృతం నేర్చుకోవాలన్న కోరిక కలిగితే జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు కాదనకుండా రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చెప్పారు. వేదవిద్య వారికే, సంస్కృతం వారికే అని గట్టిగా ఉన్న కాలమది. ఆ గురువు గారి పేరు కూడా జయంతి సభలో తలచుకోవలసిందే. మేఘసందేశం పాఠం ఆ రోజు చెప్పకపోతే, ముప్పై ఏళ్ల తరువాత గబ్బిలం పుట్టేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

వినుకొండకు కొప్పరపు సోదర కవులు అవధానానికి వచ్చిన సంగతి ఆయన జీవిత కథలో ముఖ్యమైనది. ఆశుకవిత్వానికి ఆ అన్నదమ్ములు అప్పట్లో పెట్టింది పేరు. యువకుడైన జాషువా వారి మీద పద్యాలు రాసుకుని సభకు వెళ్లారు. కులం తెలిసిన వారు అతడు సభలోకి ఎలా వచ్చాడని గొడవ చేశారు. కొప్పరపు కవులు మాత్రం పద్యాలు విని మెచ్చుకున్నారు. ఒకే పందిరి కింద ఒకే గంటలో అవమానమూ, ఆదరమూ రెండూ ఆయనకు ఎదురయ్యాయి. తరువాత ఎన్ని సభలకు వెళ్లినా ఈ రెండూ ఆయన వెంటే వచ్చాయి.

రైలు ప్రయాణంలో జరిగిన ఇంకొక సంగతి కూడా అందరూ చెప్పుకునేదే. తోటి ప్రయాణికుడు, సంస్థానంలో పెద్ద మనిషి, ఆయన పద్యాలు విని ముగ్ధుడై ఎంతో గౌరవంగా మాట్లాడాడు. మాటల్లో కులం ఏమిటని అడిగాడు. జవాబు వినగానే లేచి పక్కకు వెళ్లిపోయాడు. పద్యం అదే, గొంతు అదే. మారింది వినేవాడి ముఖం ఒక్కటే. ఆ రోజు కలిగిన బాధను కూడా ఆయన పద్యంగానే మార్చుకున్నారు.

ఇటు క్రైస్తవ సంఘంలో కూడా ఆయనకు మనశ్శాంతి లేదు. రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువ విజయం వంటివి రాస్తే, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాలు రాయడమేమిటని అక్కడి పెద్దలు ఆక్షేపించారు. గుడి వారు అంటరానివాడన్నారు, చర్చి వారు దారి తప్పినవాడన్నారు. ఆయన ఇద్దరినీ కాదని పద్యాన్ని పట్టుకున్నారు.

పొట్టకూటి దారులు

1910లో మేరీ గారితో పెళ్లి అయింది. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లు. బడిపంతులు ఉద్యోగం దొరికింది. నెలకు మూడు రూపాయల జీతమని చెబుతారు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. 1915-16లో రాజమండ్రి చేరారు. అది మూకీ సినిమాల కాలం. తెర మీద బొమ్మ కదులుతుంది గాని మాట రాదు. తెర పక్కన నిలబడి కథ చెప్పేందుకు, పాత్రల మాటలు పలికేందుకు ఒక మనిషి కావాలి. జాషువా గారు ఆ మనిషి అయ్యారు. టిక్కెట్టు కొని వచ్చిన జనం కునికిపాట్లు పడకుండా, నవ్వవలసిన చోట నవ్వేలా, ఏడవవలసిన చోట ఏడిచేలా మాట పలకడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. తరువాతి రోజుల్లో ఆయన పద్యం విన్న వెంటనే జనానికి అర్థమయ్యేదంటే ఈ అనుభవం కూడా అందుకు తోడ్పడి ఉంటుందని మా అభిప్రాయం.

తరువాత గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్లు పనిచేశారు. ఉభయభాషాప్రవీణ పరీక్ష ప్యాసై 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడి ఉద్యోగం చేశారు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో తెలుగు కార్యక్రమాల నిర్మాతగా ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి నాలుగేళ్లయిన తరువాత కూడా మద్రాసులో తెలుగు వారి సందడి ఉన్న రోజులవి. మా పై తరం వారు రేడియో దగ్గర చెవి పెట్టుకుని విన్న తెలుగు కార్యక్రమాల వెనుక ఆయన చేయి కూడా ఉంది.

ఇన్ని ఉద్యోగాలు మారడం ఆయన సరదాకు జరిగింది కాదు. ఇల్లు గడవాలి. పద్యం రాస్తే సన్మానం దొరుకుతుంది గాని బియ్యం దొరకవు. ఈ సంగతి ఆయన 'ఫిరదౌసి'లో గట్టిగా చెప్పారు. 1932లో వచ్చిన ఆ కావ్యంలో కథ పారశీక కవి ఫిరదౌసిది. పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడు. కవి ఏళ్ల తరబడి కూర్చుని షానామా రాసి తెస్తే వెండి నాణాలు పంపాడు. కవి వాటిని తిప్పికొట్టాడు. సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి శవం ఊరి బయటకు వెళుతోంది. రాజు మాట తప్పడం, శ్రమ చేసినవాడికి కూలి అందకపోవడం ఆ కావ్యానికి ప్రాణం. ఎక్కడో పారశీకంలో జరిగిన కథలో గుంటూరు కవి తన బతుకును చూసుకున్నారు.

పిట్టలు, పురుగులు, నదులు

ప్రకృతి మీద రాసిన తెలుగు కవులంటే మనకు వెంటనే భావకవుల పేర్లు గుర్తుకు వస్తాయి. జాషువా గారి ఖండకావ్యాలు తీసి చూడండి. సూర్యోదయం, చంద్రోదయం, రాత్రి, కృష్ణానది, కోకిల, గిజిగాడు, సాలీడు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది. అయితే ఆయన పువ్వుల తోటలో షికారు చేసిన కవి కాదు. ఆయన కంటపడినవి పని చేసే ప్రాణులు.

గిజిగాడు ఎలా గూడు కడుతుందో పల్లెల్లో పెరిగిన వారికి చెప్పనక్కరలేదు. బావి మీదికి వంగిన ఈత చెట్టుకో తుమ్మ చెట్టుకో కొమ్మ చివర వేలాడదీస్తుంది. గడ్డి పోచలు, ఆకు ఈనెలు చీల్చి తెచ్చి ముక్కుతోనే అల్లుతుంది. లోపల గది, కిందికి పొడవాటి దారి. గాలికి ఊగుతుంది గాని తెగి పడదు. పాము ఎక్కడానికి వీలుండదు. వడ్రంగి లేడు, సుత్తి లేదు, కొలబద్ద లేదు. బడికి పోని ఆ పిట్ట పనితనం చూసి కవి చేతులు జోడించారు. సాలీడు విషయమూ అంతే. తన ఒంట్లోంచి దారం తీసి తానే నేసే పురుగును చూసి మగ్గం పట్టిన మనిషిని తలచుకోవడం ఆయనకు సహజంగా వచ్చింది. చేతి పనిని తక్కువ చూసే సమాజంలో పుట్టినవాడు చేతి పనిని ఇంతగా పొగిడాడంటే అది ఊరికే వచ్చిన వర్ణన అనుకోరాదు.

'శ్మశానవాటిక' సంగతి మరో రకం. ఎక్కడ రాజూ పేదా పక్కపక్కన పడుకుంటారో, ఎక్కడ అంటు పట్టింపు లేదో ఆ చోటును ఆయన వర్ణించారు. ఆ పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులో కలిసిపోయాయి. పల్లెటూళ్లలో తెల్లవార్లూ నాటకం చూసినవారికి అవి నోటికి వచ్చు. వాటి కర్త ఎవరో తెలియకుండానే తరతరాలు పాడుకున్నారు. ఆయన్ను ఇంట్లోకి రానివ్వని వారి నోట కూడా ఆయన పద్యమే పలికింది.

గబ్బిలం

1941లో 'గబ్బిలం' మొదటి భాగం వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. ఆ యక్షుడిది ప్రేమ బాధ. జాషువా గారి కథానాయకుడిది ఆకలి బాధ. అతడు అరుంధతీ సుతుడు, తంజావూరు సీమలో ఉంటాడు. దేశానికి తిండి పెడతాడు, చెప్పు కుట్టి పెడతాడు. అతడికి మాత్రం గుడిలోకి ప్రవేశం లేదు, దేవుడికి మొర పెట్టుకోవడానికి కూడా దారి లేదు. ఒక రాత్రి అతడి గుడిసెలోకి గబ్బిలం వచ్చింది.

గబ్బిలం ఇంట్లోకి వస్తే కీడని మన వారు శాంతి చేయిస్తారు. ఇల్లు కూడా ఖాళీ చేస్తారు. కాని అదే గబ్బిలం గుడి గర్భాలయం చూరుకు తలకిందులుగా వేలాడుతుంటే ఏ పూజారీ ఏమీ అనడు. దానికి దేవుడి చెవి పక్కనే చోటు. కథానాయకుడికి ఆ సంగతి తట్టింది. తాను లోపలికి పోలేడు, అది పోగలదు. పూజారి లేని సమయం చూసి కాశీ విశ్వనాథుడికి తన కబురు చెప్పమని దాన్ని బతిమాలుకున్నాడు. కావ్యమంతా ఈ ఒక్క ఊహ మీద నిలబడి ఉంది. ఇంత చిన్న ప్రాణిని, అందరూ ఛీ అనే ప్రాణిని, దూతగా ఎంచుకోవడంలోనే అసలు విషయమంతా ఉంది.

కాలం కూడా గమనించాలి. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేశారు. 1939 జూలై 8న మదురై మీనాక్షి ఆలయంలోకి వైద్యనాథ అయ్యర్ గారు హరిజనులను వెంటబెట్టుకుని వెళ్లారు. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశానికి చట్టం తెచ్చింది. కొన్ని గుళ్ల తలుపులు తెరుచుకున్నాయి, చాలా గుళ్లలో గొళ్లెం అలాగే ఉంది. గబ్బిలం వచ్చింది సరిగ్గా అప్పుడు.

దూతకు దారి చెప్పాలి కదా. అక్కడే కవి తెలుగు నేలను మన కళ్ల ముందు పరుస్తారు. తంజావూరిలో రఘునాథ నాయకుడి కొలువును, అక్కడ వెలిగిన తెలుగు సాహిత్యాన్ని తలుచుకుంటారు. తుంగభద్ర ఒడ్డున హంపి శిథిలాలు చూపిస్తారు. పల్నాటి రణభూమిని చూపిస్తారు. ఊరూరికీ ఒక వీరుడో, ఒక కవో, ఒక గుడో, ఒక ఏరో. ఉత్తరాన కాశీ దాకా ఇదే వరస. తంజావూరు తమిళనాడులో ఉంది, హంపి కర్ణాటకలో ఉంది. రాష్ట్రాల గీతలు తరువాత వచ్చాయి. కవి లెక్కలో అదంతా తెలుగు వారి జ్ఞాపకం ఉన్న నేలే. మనం ఎక్కడ ఉన్నా ఈ కావ్యం చదివితే మన ఊరి పక్కనుంచే గబ్బిలం ఎగిరి వెళ్లినట్టు ఉంటుంది.

ఆ గొప్పలన్నీ చూపిస్తూనే, ఇంత గొప్ప నేల మీద తనకు చోటు ఏదని కథానాయకుడు అడుగుతాడు. దేశభక్తి ఒక చేత, నిలదీత ఒక చేత. రెండిటినీ ఒకే కావ్యంలో పెట్టడం వల్లనే గబ్బిలం ఈ రోజుకీ నిలిచింది.

యుద్ధ కాలంలో బర్మా నుంచి లక్షలాది భారతీయులు, వారిలో తెలుగు కూలీలు ఎందరో, అడవుల గుండా నడిచి వచ్చారు. ఆ కాందిశీకుడిని కూడా ఆయన వదలలేదు. 'కాందిశీకుడు' అనే కావ్యం 1945లో వచ్చింది. ఊరు విడిచి పోయిన తెలుగు వాడి బాధ ఆయన దృష్టిలో ఉందనడానికి అది సాక్ష్యం.

సన్మానాలు

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు ఆయన కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. యానాంలో చిన్ననాటి చదువు చదివిన చెళ్లపిళ్ల వారు అప్పటికి తెలుగు కవులకు గురుపీఠం వంటి వారు. వయసులో జాషువా గారి కంటే పాతికేళ్లు పెద్ద. సంప్రదాయంలో పండిన బ్రాహ్మణ పండితుడు వంగి ఆయన కాలికి ఆభరణం పెట్టడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కొప్పరపు వారి సభలో గొడవ చేసిన వారికి అంతకన్నా జవాబు అక్కరలేదు.

కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, విశ్వకవిసమ్రాట్ వంటి బిరుదులు వచ్చాయి. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పురాణాలు రాశాడని ఆక్షేపించిన వారికి అది మరో జవాబు. అదే 1964లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సభ్యులయ్యారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

కుమార్తె హేమలత గారు గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్లి చేసుకున్నారు. నేరస్థులని ముద్ర పడిన స్టువర్టుపురం కుటుంబాల మధ్య హేమలతా లవణం చేసిన సేవ దేశమంతా తెలుసు. తండ్రి పద్యంలో అడిగిన దానికి కూతురు చేతలతో పూనుకున్నారని చెప్పవచ్చు.

నా కథ

1966 ప్రాంతంలో ఆయన 'నాగార్జునసాగరం' రాశారు. కరువు నేలకు నీళ్లు వస్తున్న సంతోషం అందులో ఉంది. మరుసటి ఏడాది, 1967 ఆగస్టులో, కాలువలకు నీళ్లు వదిలారు. తల్లిదండ్రుల తరం కరువుకు చెల్లాచెదురైన నేల తన కళ్ల ముందే తడవడం చూసే భాగ్యం ఆయనకు దక్కింది.

'నా కథ' పేరుతో తన జీవితాన్ని కూడా పద్యాల్లోనే, మూడు భాగాలుగా రాసుకున్నారు. రాజుల వంశావళి రాసిన కావ్యాలు మనకు చాలా ఉన్నాయి. కాని తల్లి పేరు, తండ్రి పేరు, పస్తులున్న రోజులు, తిట్లు పడిన వీధులు ఇవన్నీ కావ్యంగా రాయవచ్చునని చూపించిన వారు తక్కువ. వంశం చెప్పుకోవడానికి రాచరికం అక్కరలేదు. అమ్మ ఎంత కష్టపడి పెంచిందో చెబితే అదే వంశ చరిత్ర.

1971 జూలై 24న గుంటూరులో జాషువా గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్లు.

మన వాడల్లో జాషువా

ఇక మన సంగతి. తమిళనాడులో కోయంబత్తూరు, ఈరోడు, తిరుప్పూరు, నామక్కల్, సేలం, దిండిగల్, మదురై, విరుదునగర్ జిల్లాల్లో అరుంధతీయుల వాడలు ఉన్నాయి. వారిలో ఎన్నో కుటుంబాలు ఈనాటికీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. విజయనగర, నాయకరాజుల కాలంలో వచ్చిన తెలుగు రైతుల వెంట వారి పూర్వులు కూడా వచ్చారు. నల్లరేగడి నేలలో, కొంగునాడు తోటల్లో బావి నీరు తోడిన కపిలకు తోలు బాన కుట్టింది వారి చేతులే. బాన చిరిగితే చేను ఎండుతుంది. అంటే ఈ నేల మీద తెలుగు వారు నిలదొక్కుకున్న ప్రతి చేనులోనూ వారి శ్రమ ఉంది. గబ్బిలంలో కథానాయకుడిని జాషువా గారు గాలిలోంచి తేలేదు. వారి పేరు, ఊరు చెప్పారు.

2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాలకు ఉన్న 18 శాతంలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకంగా కేటాయిస్తూ చట్టం చేసింది. ఆ జాబితాలో ఏడు కులాల పేర్లున్నాయి. అందులో మాదిగ, ఆది ఆంధ్ర అన్న పేర్లు చూస్తే ఏ నేల నుంచి వచ్చారో వేరే చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ చట్టానికి బలం చేకూరింది.

మరో పక్క 2006 నాటి తమిళ అభ్యాస చట్టం వచ్చాక తమిళనాడులో పిల్లలు బడిలో తెలుగు చదువుకునే అవకాశం బాగా తగ్గింది. భాషా మైనారిటీగా మన లెక్క ఎంత, మన పిల్లల్లో ఎందరికి తెలుగు కావాలి అని అర్జీలు పెట్టేటప్పుడు సంఖ్య చూపించాలి. ఆ సంఖ్యలో అరుంధతీయుల ఇళ్లు కలిస్తే మన మాటకు బలం వస్తుంది. అయితే సంఖ్య కోసం మాత్రమే పిలవడం న్యాయం కాదు. లెక్కకు కావలసిన వారు వేదికకు కూడా కావాలి, కార్యవర్గంలోనూ ఉండాలి. అంత్యాక్షరి, ముగ్గుల పోటీ, ఉగాది పచ్చడి అన్నింటిలోనూ పంక్తి ఒక్కటే కావాలి. అలా కాకుండా పటానికి దండ వేసి ఊరుకుంటే, గుడి చూరుకు గబ్బిలం వేలాడినట్టు పద్యం ఒక్కటే లోపల ఉంటుంది. మనిషి బయటే ఉంటాడు.

ఈ సంవత్సరం జయంతి సభను మా సంఘం హాలులో కాకుండా అరుంధతీయుల వీధిలో, వారి సముదాయ భవనంలో జరపాలని కార్యవర్గం తీర్మానించింది. అధ్యక్షత వహించేది ఆ వీధి పెద్దలే. గిజిగాడు పద్యాలు పాడేది ఆ వీధి పిల్లలు, మా ఆదివారం బడి పిల్లలు కలిసి. తెలుగు అక్షరాలు రాని పిల్లలకు తమిళ లిపిలో రాసి ఇస్తున్నాం. చెవికి తెలుగు వస్తే కంటికి మెల్లగా వస్తుంది. సభ ముగిశాక ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడే రెండు గంటల తెలుగు తరగతి మొదలవుతుంది.

కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలోని సోదర సంఘాలకు మా మనవి ఒక్కటే. మీ ఊళ్లో కూడా తెలుగు మాట్లాడుతూ, తెలుగు సంఘానికి దూరంగా ఉన్న వీధులు ఏవో చూడండి. తోలు పని వారు, పారిశుధ్య కార్మికులు, భవన నిర్మాణ కూలీలు, వలస వచ్చిన పాలమూరు వారు, శ్రీకాకుళం వారు ఎవరైనా కావచ్చు. సెప్టెంబరు 28 ఆహ్వాన పత్రిక ముందుగా ఆ వీధిలో పంచండి. పిల్లలతో ఒక్క పద్యమైనా పాడించండి. తంజావూరి నుంచి కాశీకి పంపిన కబురుకు మన వైపు నుంచి ఇచ్చే జవాబు అదే అవుతుంది.